బాంబు పడని ఊళ్ళలో యుద్ధం
బందరు, గుడివాడ, దివిసీమల్లో చూడవలసిన, అడగవలసిన చరిత్ర

యుద్ధ చరిత్ర అనగానే మన మనసులో కోట బురుజులు, ఫిరంగులు, సైనికుల సమాధులు మెదులుతాయి. కాని ఏ యుద్ధమూ పోరాడేవారితో ముగిసిపోదు. దాని బరువులో పెద్ద భాగం వంటింటి మీద, మగ్గం మీద, బడి మీద, భర్తకు దూరమై సంసారాన్ని లాక్కొచ్చిన ఇల్లాలి భుజాల మీద పడుతుంది. కొన్ని దేశాలు ఈ సంగతిని గుర్తించి దానికీ చోటు కల్పించాయి. ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో ఒకప్పటి యుద్ధఖైదీల శిబిరమైన ఈడెన్ క్యాంప్ నేడు ఒక మ్యూజియం. రేషన్ పుస్తకాలు, దీపాలార్పిన వీధులు, కుటుంబాలు తలదాచుకున్న షెల్టర్లు అక్కడ పిల్లలకు కనిపిస్తాయి. టోక్యోలో 1999లో ప్రారంభమైన షోవా-కన్ మ్యూజియం యుద్ధకాలంలోనూ, ఆ తరువాతా సామాన్య జపాను కుటుంబం ఎలా బతికిందో చూపడానికే ఏర్పడింది.

మన కృష్ణా డెల్టాలో అలాంటి మ్యూజియం లేదు. అయినా చూడవలసినవి లేకపోలేదు. రెండవ ప్రపంచ యుద్ధం నాటి సామాన్యుల జీవితం ఇక్కడ కాలువ గట్ల మీద, రైల్వే స్టేషన్లలో, మగ్గాల పేటల్లో, ఇంట్లో పాత ట్రంకు పెట్టె అడుగున ఉంది. ఈ వ్యాసంలో పాఠకులను ఆ చోట్లకు తీసుకువెళ్ళాలని మా ప్రయత్నం. సెలవు రోజుల్లో పిల్లలతో కలిసి రెండు రోజుల్లో తిరిగి రాగల దారి ఇది.

1942: తీరాన్ని తాకిన భయం

ముందుగా ఆ రోజులు ఎలాంటివో తెలుసుకుందాం. 1942 మార్చి 8న రంగూన్ జపాను వశమైంది. కూలికీ, వ్యాపారానికీ బర్మా వెళ్ళి స్థిరపడిన తెలుగువారు లెక్కకు మించి ఉన్న నగరం అది. ఓడ దొరికినవారు ఓడలో, దొరకనివారు కొండలూ అడవులూ దాటి కాలినడకన స్వదేశానికి బయలుదేరారు. ఆకలికీ, జ్వరాలకూ వేలాదిమంది దారిలోనే ప్రాణాలు విడిచారు. ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ రోజుల్లోనే బంగాళాఖాతంలో ఇరవైకి పైగా వర్తక నౌకలు మునిగిపోయాయి. మద్రాసు నుండి ప్రభుత్వ కార్యాలయాలు లోపలి పట్టణాలకు తరలాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం వాల్తేరు విడిచి గుంటూరుకు వచ్చింది. విశాఖలో పడిన బాంబులలో ఒకదాన్ని నేటికీ అక్కడి విశాఖ మ్యూజియంలో చూడవచ్చు.

కాకినాడకూ మద్రాసుకూ నడుమ అదే తీరం మీద ఉన్న పట్టణం బందరు. ఇక్కడ బాంబు పడలేదు కనుక చరిత్ర పుస్తకాలు ఈ ఊరిని వదిలేసి ముందుకు సాగుతాయి. మన ప్రయాణం ఇక్కడినుండే మొదలు కావాలి.

బందరు: కోట దాటి ఊళ్ళోకి

బందరు వెళ్ళినవారు సాధారణంగా కోట శిథిలాలు, డచ్చివారి సమాధులు చూసి వస్తారు. అవి తప్పక చూడవలసినవే. గోల్కొండ సుల్తానుల కాలంలో పారశీక దేశానికీ, అరబ్బు తీరాలకూ నౌకలు బయలుదేరిన రేవు ఇది. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ సేన ఫ్రెంచివారి నుండి ఈ కోటను చేజిక్కించుకుంది. అయితే కోట గోడ మనకు చెప్పేది దాన్ని గెలిచినవారి పేరు మాత్రమే. ముట్టడి రోజుల్లో ఊళ్ళో పొయ్యి వెలిగిందా, నేతపనివారికి కూలి దొరికిందా అన్నది ఆ రాళ్ళ మీద రాసి ఉండదు. ఈ ప్రశ్నను పిల్లల చేత కోట దగ్గరే అడిగించి, అప్పుడు ఊళ్ళోకి నడిపించాలి.

ఊళ్ళో చూడవలసినవి మూడు సంస్థల ఆనవాళ్ళు. మొదటిది 1902లో ఇక్కడ పుట్టిన కృష్ణా పత్రిక. యుద్ధకాలపు కాగితం కొరత దేశంలోని పత్రికలన్నిటినీ పీడించిన రోజుల్లో ముట్నూరి కృష్ణారావు గారు దాని సంపాదకులు. 1945లో కన్నుమూసే వరకు ఆయన ఆ బాధ్యతలోనే ఉన్నారు. రెండవది 1910 నాటి ఆంధ్ర జాతీయ కళాశాల. మూడవది 1923లో డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు స్థాపించిన ఆంధ్రా బ్యాంకు. 2020లో యూనియన్ బ్యాంకులో విలీనమైనా, అది బందరులో పుట్టిన సంస్థ అన్న మాట చెరిగిపోదు.

పట్టాభి గారి పేరు వెంట మరో పేరును కూడా మన పిల్లలకు చెప్పాలి. 1942 ఆగస్టులో 'క్విట్ ఇండియా' తీర్మానం జరిగిన వెంటనే అరెస్టయి అహమద్‌నగర్ కోటలో బందీలైన నాయకులలో బందరు డాక్టరు గారితోపాటు అప్పటి కాంగ్రెసు అధ్యక్షులు మౌలానా అబుల్ కలాం ఆజాద్ కూడా ఉన్నారు. ఆజాద్ గారు అక్కడ ఉండగానే 1943 ఏప్రిల్ 9న కలకత్తాలో ఆయన భార్య జులైఖా బేగం మరణించారు. కడసారి చూపుకు ఆయన నోచుకోలేదు. ఆ కోటలో రాసిన లేఖలే తరువాత 'గుబారె ఖాతిర్'గా వెలువడ్డాయి. నాయకుని జైలు జీవితం చరిత్రలో ఒక అధ్యాయం. బయట ఒంటరిగా రోగంతో పోరాడిన భార్యది మాత్రం ఒక్క వాక్యం. యుద్ధకాలపు ఇల్లు అంటే ఏమిటో ఈ ఒక్క ఉదాహరణ చెబుతుంది.

పెడన, గుడివాడ: నూలూ ధాన్యమూ

బందరు నుండి గుడివాడ వైపు రైలెక్కితే దారిలో పెడన వస్తుంది. కలంకారీ అద్దకానికీ, చేనేతకూ పేరుపొందిన ఊరు. పారశీక లతలూ పువ్వులూ చెక్క అచ్చుల మీద మన దగ్గర స్థిరపడిన కథ మన ముస్లిం కుటుంబాలకు సుపరిచితమే. ఈ వృత్తికి యుద్ధం ఏమి చేసిందో అంతగా తెలియదు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ నుండి వచ్చే కృత్రిమ రంగులు ఆగిపోయి దేశమంతటా అద్దకంవారు అల్లాడారు. రెండవ యుద్ధంలో నూలు కరువైంది. మిల్లు బట్ట సైనికుల దుస్తులకు తరలిపోయింది. 1943లో ప్రభుత్వం బట్ట మీద, నూలు మీద నియంత్రణ విధించింది. మగ్గం ఉండీ నూలు లేక నేతగాడు కూర్చున్నాడు. సొమ్ము ఉండీ బట్ట దొరకక కొనేవాడు తిరిగాడు. పెడనలో అద్దకం చూడబోయినవారు రంగుల అందంతో పాటు ఈ మాట కూడా తలచుకోవాలి.

గుడివాడ ధాన్యపు పట్టణం. 1908లో బెజవాడ నుండి బందరుకు వేసిన రైలు మార్గం మీద ఉన్న ఈ ఊరు 1928లో భీమవరం లైనుతో జంక్షన్ అయింది. ఈ స్టేషన్ ప్లాట్‌ఫారం మీద నిలబడి యుద్ధకాలపు తిండి లెక్కను పిల్లలకు వివరించవచ్చు. మద్రాసు రాష్ట్రానికి బియ్యం లోటును తీర్చేది బర్మా. బర్మా పోయాక ఆ లోటును పూడ్చవలసిన భారం కృష్ణా, గోదావరి డెల్టాల మీద పడింది. 1855 నాటికి పూర్తయిన బెజవాడ ఆనకట్ట వల్ల పండిన ధాన్యం, సొంత పంట చాలని మలబారు వంటి జిల్లాలకు అన్నమైంది. పండించిన చోట కూడా ధాన్యం కదలిక మీద ప్రభుత్వ నియంత్రణ వచ్చింది. అదే కాలంలో, 1943లో, బెంగాలు కరువుకు దాదాపు 30 లక్షలమంది బలయ్యారని అంచనా. అక్కడ తిండి తగ్గినదానికంటె, ఉన్న తిండి పేదవానికి అందని ధరకు చేరడమే ఎక్కువ ప్రాణాలు తీసిందని ఆర్థికవేత్త అమర్త్యసేన్ వాదించారు.

ఇక్కడ మన ధర్మం గుర్తుకు రాక మానదు. కరువు రాకముందే ఏడేళ్ళ పంటను పొదుపుగా నిలువచేయించి, కరువులో ప్రజలకు కొలిచి ఇచ్చిన యూసుఫ్ (అ) గాథ దివ్య ఖుర్ఆన్‌లో ఉంది. ధర పెరిగేదాకా తిండిగింజలను బిగబట్టడం పాపమని దైవప్రవక్త ముహమ్మద్ (స) హెచ్చరించారు. దాచడం రెండు చోట్లా ఉంది. ఒకటి నలుగురి కోసం దాచడం, రెండవది నలుగురి నుండి దాచడం. యుద్ధకాలపు నల్లబజారు ఈ తేడాను ప్రతి ఇంటికీ నేర్పింది.

కంట్రోలు రోజులు

ఆ కాలం మన భాషలోనూ ఉండిపోయింది. 'కంట్రోలు బియ్యం', 'కంట్రోలు షాపు' అని మన పెద్దలు నేటికీ అనే మాట ఆ నియంత్రణల నాటిదే. యుద్ధం 1945లో ముగిసినా ఈ పద్ధతి ముగియలేదు. మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీ 1952లో ఆహార నియంత్రణను ఎత్తివేసే వరకు సాగింది. పెట్రోలు దొరకక బస్సులు బొగ్గు పొయ్యి తగిలించుకుని నడిచాయి. కిరసనాయిలు కరువైంది. చిల్లర మాయమైంది. 1940లో రూపాయి నాణెంలో వెండిని సగానికి తగ్గించారు. 1943లో రాగి ఆదా కోసం నడుమ రంధ్రంతో కాణీ వేశారు. 'చిల్లు కాణీ' మన ఇళ్ళలో ఇంకా ఎక్కడో ఒకచోట ఉంటుంది. దాన్ని పిల్లవాని అరచేతిలో పెట్టి, ఆ రంధ్రంలోని రాగి ఎటు పోయిందని అడగండి. యుద్ధం మన ఇంటికి ఎలా వచ్చిందో వాడికి అర్థమవుతుంది.

దివిసీమ: కాగితం మిగలని చోట

గుడివాడ నుండి పామర్రు, చల్లపల్లి, మోపిదేవి మీదుగా పులిగడ్డ చేరితే కృష్ణమ్మ రెండు పాయలుగా చీలే చోటు వస్తుంది. ఆ పాయల నడుమ ఉన్నదే దివిసీమ. పులిగడ్డ అక్విడక్టు నది మీదుగా సాగునీటిని సీమలోకి మోసుకుపోతుంది. అక్కడ ఆగి నీటిని, వరిచేలను చూడాలి. కోరిన జిల్లాలకు ధాన్యం అందించిన డెల్టాకు చివరి అంచు ఇది.

అయితే దివిసీమలో పాత ఇంటి ట్రంకు పెట్టె తెరిచి రేషన్ కార్డో, బర్మా నుండి వచ్చిన ఉత్తరమో చూపమని అడగడం అంత సులువు కాదు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన సుమారు పదివేల ప్రాణాలతో పాటు ఇళ్ళను, ఇళ్ళలోని కాగితాలను కూడా ఊడ్చుకుపోయింది. ఉప్పెన ముంచిన ఊళ్ళలో 1942 నాటి జ్ఞాపకానికి మిగిలిన చోటు మనుషుల మనసు ఒక్కటే. ఆనాడు పదేళ్ళ పిల్లలుగా ఉన్నవారికి నేడు తొంభై దాటాయి. కంట్రోలు రోజుల చివరి ఏళ్ళు చూసినవారు కూడా ఎనభై పైబడినవారే. కోటను వచ్చే ఏడాది చూడవచ్చు. వారిని వచ్చే ఏడాది చూడగలమన్న హామీ ఎవరికీ లేదు.

ఎలా అడగాలి?

పెద్దలను 'యుద్ధం గురించి చెప్పండి' అంటే 'మాకేం తెలుసు, మేము యుద్ధానికి వెళ్ళలేదు' అంటారు. చిన్న ప్రశ్నలు అడగాలి. కిరసనాయిలు లేనప్పుడు దీపానికి ఏ నూనె పోశారు? రంజాన్‌లో సహరీకి ఏమి వండారు? ఈద్‌కు కొత్త బట్ట దొరికిందా? పెళ్ళికి భోజనం ఎంతమందికి పెట్టారు? బర్మా వెళ్ళిన బంధువులు తిరిగి వచ్చారా? మనియార్డరు రావడం ఆగిపోతే ఇల్లు ఎవరు నడిపారు? ఈ ప్రశ్నలు నానీమా, దాదీమాలనే ముందుగా అడగాలి. ఆ రోజుల్లో గింజలు కొలిచిన చేతుల సంగతి వారికే బాగా తెలుసు.

విన్నదాన్ని విన్నట్టుగా, వారి మాటల్లోనే రాయండి. ఫోనులో గొంతు భద్రపరచే ముందు వారి అనుమతి తీసుకోండి. తేదీలు తప్పితే వాదించవద్దు. పక్కన పెన్సిలుతో గుర్తు పెట్టుకుని తరువాత సరిచూసుకోవచ్చు. బాధ కలిగించే సంగతి వచ్చినప్పుడు ఆపేయండి. పాత కార్డులు, నాణేలు, ఉత్తరాలు దొరికితే ఫోటో తీసి అసలును ఆ ఇంటివారికే వదిలిపెట్టండి.

ఒక ఇంటి నుండి ఒక్క పేజీ వచ్చినా చాలు. నలభై ఇళ్ళ నుండి నలభై పేజీలు వస్తే ఒక మస్జిద్ గ్రంథాలయంలోనో, ఊరి బడిలోనో భద్రపరచదగిన పుస్తకం అవుతుంది. వచ్చే శుక్రవారం నమాజు తరువాత మీ వీధిలో అందరికంటె పెద్దవారెవరో తెలుసుకోండి. వారి దగ్గర కూర్చుని మొదటి ప్రశ్నగా ఆ రోజుల్లో ఇంట్లో అన్నం ఏ పూట వండేవారో అడగండి.