తరగతి గదిలో టాబ్లెట్: ఉపయోగించే పద్ధతులు

అరబ్బీలో ‘లౌహ్’ అంటే పలక. హజ్రత్ మూసా (అలైహిస్సలాం)కు ప్రసాదించబడిన ఉపదేశం పలకలపై లిఖించబడినదని దివ్య ఖుర్ఆన్ తెలుపుతున్నది. మదరసాలలో తరతరాల బాలలు చెక్కపలకపైనే అక్షరాలు దిద్దారు. నేటి టాబ్లెట్ కూడా ఒక పలకయే. అయితే పాత పలక బాలుడు వ్రాసినదే చూపేది. ఈ పలక అడిగినదీ, అడగనిదీ కూడా చూపుతుంది. కనుక దానిని వాడే పద్ధతి తెలిసి ఉండాలి.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబరు 21న 8వ తరగతి విద్యార్థులకు టాబ్లెట్ల పంపిణీ ప్రారంభించింది. ఉపాధ్యాయులతో కలిపి ఆ విడత 5 లక్షలకు పైగా, 2023 డిసెంబరులో చింతపల్లిలో ఆరంభమైన రెండవ విడత 4 లక్షలకు పైగా టాబ్లెట్లు ఉద్దేశించబడ్డాయి. వాటికి పాఠాలు సమకూర్చిన బైజూస్ సంస్థ 2024లో దివాలా విచారణకు గురైంది. పెరూ దేశంలో 10 లక్షలకు పైగా లాప్‌టాప్‌లు పంచినా, బోధనతో ముడిపెట్టనందున చదువు మెరుగుపడలేదని యునెస్కో 2023 నివేదిక పేర్కొన్నది. పరికరం ఎంత ఖరీదైనదైనా గురువు స్థానాన్ని భర్తీ చేయలేదని దీనివల్ల తెలుస్తున్నది.

చెరకుకూ, సహకార చక్కెర కర్మాగారానికీ పేరొందిన గోవాడను తీసుకుందాం. విశాఖపట్నం జిల్లాలో ఉండిన ఈ చోడవరం మండల గ్రామం 2022 నుండి అనకాపల్లి జిల్లాలో ఉన్నది. ఇటువంటి ఊరి బడిలో శాతాల పాఠం చెప్పాలంటే ఈ క్రమం మేలు.

1. టాబ్లెట్లు మూసి ఉండగానే ఉపాధ్యాయుడు నల్లబల్లపై లెక్క వేయాలి: 10 టన్నుల చెరకు నుండి 900 కిలోల చక్కెర వస్తే, దిగుబడి 9 శాతం.

2. విద్యార్థులు అటువంటి లెక్కను నోటుపుస్తకంలో స్వహస్తంతో చేయాలి.

3. పిదప 10 నిమిషాలు మాత్రమే టాబ్లెట్ తెరిచి, రసం చక్కెరగా మారే విధానం చూడాలి. ఆ దృశ్యాన్ని ముందురోజే దించి ఉంచితే నెట్ లేకున్నా పాఠం ఆగదు.

4. ఇద్దరికి ఒక టాబ్లెట్ ఇస్తే చర్చ సాగుతుంది. ఇతర విషయాలవైపు చూపు మళ్లదు.

5. చివరి 5 నిమిషాలు తెర మూసి, చూసినది నోటితో చెప్పించాలి. చెప్పలేనివాడు చూశాడే గాని నేర్వలేదని గ్రహించాలి.

ఖుర్ఆన్ తరగతులలోనూ ఇదే నియమం. విద్యార్థి ఒక ఖారీ పఠనాన్ని విని, తన గొంతును రికార్డు చేసి పోల్చుకోవచ్చు. కాని అక్షరం ఏ స్థానం నుండి పలకాలో సరిదిద్దవలసినవాడు ఉస్తాదే. ఆయన ఎదుట కూర్చుని వినిపించనిదే తజ్వీద్ పూర్తి కాదు.

ఇంటి వద్ద తల్లిదండ్రుల బాధ్యత ఇంకా పెద్దది. పిల్లవాడు టాబ్లెట్‌ను నలుగురూ ఉండే గదిలోనే వాడాలి; నిద్రవేళకు దానిని పెద్దలకు అప్పగించాలి. చూపులను అదుపులో ఉంచుకోవాలన్న సూరహ్ నూర్ ఆదేశం తెరకూ వర్తిస్తుంది. వచ్చిన వార్తను విచారించి నిర్ధారించుకోవాలన్న సూరహ్ హుజురాత్ ఉపదేశాన్ని, తెరపై కనిపించిన ప్రతి సమాచారం విషయంలో బాలలకు అలవాటు చేయాలి.

టాబ్లెట్ ఒక అమానత్; దానిపై గడిపే కాలం అంతకంటే పెద్ద అమానత్. పగిలిన పరికరానికి మరొకటి దొరకవచ్చు. గడిచిన బాల్యం మాత్రం తిరిగిరాదు.