కుక్క తన తప్పు నెరుగునా?

గుమ్మమున కుక్క లేని రైతుగృహము మన పల్లెలలో అరుదు. దాని బుద్ధినిగూర్చి మనకందరికిని ఒక నమ్మకము కలదు. తప్పుచేసిన కుక్క ముఖము చూచినంతనే దొరకిపోవునని. పొలమునుండి వచ్చుసరికి వసారాలో పాలచెంబు దొర్లియుండును; కుక్క చెవులు వాల్చి, తోక ముడిచి, ఓరగా చూచుచుండును. దొంగకు తెలిసినదని మనము కర్ర తీయుదుము. నేనును ఒకప్పుడట్లే తీసితిని. చెంబును దొర్లించినది పిల్లియని పిమ్మట ఇంటివారు చెప్పిరి.

న్యూయార్కులోని బర్నార్డు కళాశాలకు చెందిన అలెగ్జాండ్రా హోరోవిట్జు 2009లో ప్రకటించిన పరిశోధన ఈ నమ్మకమునకు సంబంధించినదే. అందు 14 కుక్కలను పరీక్షించిరి. యజమాని తినుబండారమును చూపి, తినవలదని కుక్కకు చెప్పి, వెలుపలికి పోవును. అతడు లేనపుడు పరీక్షకురాలు దానిని కొన్నిమారులు తీసివేసెడిది, కొన్నిమారులు తానే కుక్కకు పెట్టెడిది. తిరిగివచ్చిన యజమానికి ఒకప్పుడు నిజమును, ఒకప్పుడు అబద్ధమును చెప్పెడిది. కుక్క తినెనని విన్నవాడు దానిని గద్దించును. తుదకు తేలినదేమనగా, ఆ నేరముఖము తప్పునుబట్టి గాక గద్దింపునుబట్టి వచ్చినది. ఏమియు తినక గద్దింపబడిన కుక్కలయందే అది మరింత హెచ్చుగా కనబడెను!

దీనివలన కుక్కకు పశ్చాత్తాపమే లేదని సిద్ధాంతము చేయరాదు. ఆ ముఖము సాక్ష్యముగా చెల్లదని మాత్రమే గ్రహింపవలయును. ఉదయము జరిగినదానికి సాయంకాలము కొట్టినచో, దెబ్బ ఎందులకో దానికి తెలియదు. యజమాని రాకయే భయహేతువని నేర్చుకొనును.

అట్లని అది మందబుద్ధి కాదు. కోల్‌కతాలోని భారతీయ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థకు చెందిన అనిందితా భద్రగారి బృందము, ఎట్టి శిక్షణయు లేని వీధికుక్కలయెదుట మూతవేసిన రెండు గిన్నెలుంచి, ఒకదానివైపు చేయి చూపెను. 2020లో ప్రకటింపబడిన ఫలితముల ప్రకారము, ఇంచుమించు సగము కుక్కలు దగ్గరకే రాలేదు; వచ్చినవానిలో సుమారు 80 శాతము చేయి చూపిన గిన్నెనే చేరినవి. రానివి మనుష్యులవలన బాధలు పడినవై యుండవచ్చునని పరిశోధకుల ఊహ.

కావున మందకో కళ్లమునకో కుక్కను పెంచువారు, అది తప్పు చేయుచున్నపుడే వారింపుడు. ఒక పనికి ఇంటిల్లిపాదియు ఒకే మాట, ఒకే చేసైగ వాడుడు. పాలచెంబును మాత్రము ఉట్టిమీద పెట్టుడు.