పాత అమెరికను కార్లు – పొగ నివారణ సాధనములు

అమెరికాలో పాత కార్లను ముచ్చటపడి బాగుచేయించుకొనువారు కలరు. 1960 తరువాతి కారు బానెట్టు ఎత్తి చూచినచో ఇంజను చుట్టును రబ్బరు గొట్టములు, కవాటములు, కొన్నింటిలో ఒక గాలి పంపు కానవచ్చును. ఇవి ఇంజను బలమును హరించుననియు, తీసివేసిన మేలనియు వారిలో పలువురి నమ్మకము. ఇందులో నిజమెంత?

ముందుగా ఇవి పుట్టిన కారణమును తెలిసికొందము. 1943 జూలైలో లాస్ ఏంజిలిస్ నగరమును కన్నులు మండించు పొగమంచు క్రమ్మెను. 1950 ప్రాంతమున హాగెన్-స్మిట్ అను రసాయన శాస్త్రజ్ఞుడు దాని గుట్టు బయలుపరచెను. కాలని పెట్రోలు ఆవిరియు, నైట్రోజన్ ఆక్సైడులును ఎండలో మార్పుచెంది ఓజోను మున్నగువానిని పుట్టించుచున్నవి. వీనికి ముఖ్యమైన మూలము మోటారు వాహనములే.

ఆవిరి కారునుండి మూడు దారుల వెలువడును. మొదటిది క్రాంక్‌కేసు. పిస్టను అంచులనుండి జారిన వాయువులు పూర్వము ఒక గొట్టముగుండ రోడ్డుమీదికి పోయెడివి. వానిని తిరిగి ఇంజనులోనికే పంపి కాల్చు కవాటము 1963 నాటికి అమెరికను కార్లలో సర్వసాధారణమయ్యెను. రెండవది పొగగొట్టము. దీనిపై నియమములు 1966లో కాలిఫోర్నియాలోను, 1968లో దేశమంతటను వచ్చెను. గాలి పంపు వేడి పొగలోనికి గాలిని నెట్టి, మిగిలిన ఇంధనమును అక్కడనే కాల్చును. మూడవది పెట్రోలు ట్యాంకు, కార్బురేటరు. అచటి ఆవిరిని బొగ్గు నింపిన డబ్బా పట్టి ఉంచి, ఇంజను నడచునపుడు దానికందించును.

ఇక బలము మాట. 1971 మొదలు పలు ఇంజనులలో, సీసము లేని పెట్రోలును ఉద్దేశించి, సంపీడనమును తగ్గించిరి. నిప్పురవ్వను ఆలస్యముగా పుట్టించుటయు బలమును కొంత తగ్గించెను. అంతేకాదు, 1972లో కొలత పద్ధతియే మారెను. అంతకుముందు ఇంజనును ఒంటరిగా బల్లపై నిలిపి అశ్వశక్తిని లెక్కించెడివారు. తరువాత ఫ్యాను, సైలెన్సరు మున్నగువానితో సహా లెక్కించిరి. ఇంజను మారకున్నను అంకె పడిపోయెను. ఆ అపవాదు గాలి పంపుపై పడినది. నిజమునకు అది తీసికొను బలము స్వల్పము.

క్రాంక్‌కేసు కవాటమును తీసివేసి ద్వారము మూసినచో నష్టము కారుకే. తేమయు, ఆవిరియు నూనెలో చేరి మడ్డి కట్టును. లోపలి ఒత్తిడి పెరిగి నూనె కారును. కావున దానిని తీయుటకంటె, పాడైనపుడు క్రొత్తది వేయుట మేలు.

కాలిఫోర్నియాలో 1975 వరకు గల మోడళ్లకు నియతకాలిక పొగ పరీక్ష లేదు. 1976 నుండి గలవానికి కలదు. పరీక్ష లేనంత మాత్రమున సాధనములను తొలగించుటకు చట్టము అనుమతించదు. పాత కారును పుట్టినప్పటి రూపమున నిలుపగోరువారు ఈ గొట్టములును ఆ రూపములోనివే యని గుర్తింపవలెను. ఒక నగరము ఊపిరికై పడిన పాటు వానిలో దాగియున్నది.