తెలుగు రాని కాపలా

2024 డిసెంబర్ 4 రాత్రి. హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని సంధ్య 70ఎంఎం దగ్గర ‘పుష్ప 2’ ప్రీమియర్‌ షో సమయంలో తొక్కిసలాట. ఒక తల్లి చనిపోయింది. తొమ్మిదేళ్ల కొడుకు స్పృహ లేని స్థితిలో ఆసుపత్రికి చేరి, నెలల తరబడి అక్కడే ఉండిపోయాడు. థియేటర్ చిక్కడపల్లి పోలీసుల పరిధిలోది కాబట్టి కేసు ఆ స్టేషన్‌లోనే పడింది. 13న ఆ సినిమా హీరో అల్లు అర్జున్‌ని అరెస్టు చేసిందీ, 24న కూర్చోబెట్టి ప్రశ్నలడిగిందీ వాళ్లే. ఇదంతా టీవీల్లో నిమిషం నిమిషం చూశాం.

దానితో పాటు ఇంకొకటి కూడా చూశాం, ఎవరూ అడగకుండానే. జనం మధ్యలో నేలమీద పడుకోబెట్టి, ఛాతీ మీద నొక్కుతూ ఆ పిల్లాడికి ఊపిరి తెప్పించాలని పోలీసులు పడుతున్న అవస్థ. కొన్ని సెకన్ల వీడియో. వంట వీడియోకీ, కామెడీ బిట్టుకీ మధ్య అది వచ్చింది. పైకి తోసేస్తే మరో అకౌంట్ నుంచి మళ్లీ వచ్చింది. ఆ పిల్లాడి ముఖాన్ని చూపించవచ్చా అని ఒక్క యాప్ అయినా ఆగి ఆలోచించిన దాఖలా కనిపించలేదు.

తర్వాత గొడవ మరో మలుపు తిరిగింది. హీరో వచ్చాక తొక్కిసలాట జరిగిందా, రాకముందే జరిగిందా అన్నదాని మీద అభిమానులు, వ్యతిరేకులు ముక్కలు ముక్కలుగా కోసిన వీడియోలతో కొట్టుకున్నారు. డిసెంబర్ 22న అప్పటి పోలీస్ కమిషనర్ సీవీ ఆనంద్ సుమారు పది నిమిషాల వీడియో విడుదల చేసి, ఏది ముందు జరిగిందో ఏది తర్వాత జరిగిందో చూపించాల్సి వచ్చింది. 25న తప్పుడు వీడియోలు పెడితే కేసులు తప్పవని నగర పోలీసులు హెచ్చరించారు. యాప్ చెయ్యాల్సిన పని పోలీసుల నెత్తిన పడిందన్నమాట. ఆ ముక్కల్ని లక్షల మందికి చేరవేసిన కంపెనీలకు మాత్రం ఆ వారం మామూలు వారమే.

ఆగి చూస్తే నచ్చినట్టే లెక్క

2020 జూన్ 29న టిక్‌టాక్‌ని కేంద్రం నిషేధించింది. పది రోజులు తిరక్కుండా ఇన్‌స్టాగ్రామ్ మన దేశంలో రీల్స్ మొదలుపెట్టింది. సెప్టెంబర్‌లో యూట్యూబ్ షార్ట్స్ వచ్చింది. యాప్ మారింది, పద్ధతి మారలేదు: మనం అడిగింది కాదు, అది చూపించింది చూడటం.

ఇలాంటి చోట తనిఖీ ఎలా జరుగుతుంది? మొదట యంత్రం చూస్తుంది. నగ్నత్వం, రక్తం, ఆయుధం, ఇంతకుముందే తీసేసిన వీడియోతో పోలిక లాంటివి పట్టడంలో దానికి అనుభవం ఉంది. అయితే వీడియోని అద్దంలోలా తిప్పి, చుట్టూ ఫ్రేమ్ కట్టి, వేగం కాస్త మార్చి పెడితే అదే యంత్రం తడబడుతుంది. 2019లో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదు కాల్పుల వీడియోని మొదటి 24 గంటల్లో 15 లక్షల సార్లు తీసేశామని ఫేస్‌బుక్ చెప్పింది. గొప్పగానే చెప్పుకున్నారు కానీ, అందులో సుమారు 12 లక్షలే ఎక్కించేటప్పుడు ఆగాయి. మిగతావి కనిపించాకే పోయాయి.

సంధ్య దగ్గరి వీడియోలో నగ్నత్వం లేదు, కత్తి లేదు, బూతు లేదు. యంత్రానికి అడ్డుపెట్టే కారణం దొరకదు. పైగా చూసేవాడు భయంతోనో జాలితోనో రెండు క్షణాలు ఆగుతాడు. ఆగాడంటే నచ్చిందని యాప్ లెక్క రాసుకుని, అలాంటిదే మరొకటి తెచ్చి పెడుతుంది.

ఒక్కోసారి ఉన్న కాపలా కూడా కూలిపోతుంది. 2025 ఫిబ్రవరి 26న ప్రపంచవ్యాప్తంగా చాలామంది రీల్స్‌లో హత్యలు, తెగిన శరీరాలు వరుసపెట్టి వచ్చాయి. సున్నితమైనవి వద్దని సెట్టింగ్ పెట్టుకున్నవాళ్లకీ వచ్చాయి. మర్నాడు ఇన్‌స్టాగ్రామ్ యజమాని మెటా ‘పొరపాటు సరిదిద్దాం’ అంటూ క్షమాపణ చెప్పింది. ఆ పొరపాటు ఏమిటో వివరంగా చెప్పలేదు.

స్టడీ హాల్ ఫోన్లు

సంధ్య థియేటర్‌కి దగ్గర్లోనే, పోటీ పరీక్షలకు చదివేవాళ్లతో నిండిన అశోక్‌నగర్ గల్లీల్లో ఫోన్ అంటే కాలక్షేపం ఒక్కటే కాదు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ ఆవరణలో చెట్టు కింద కూర్చున్న గ్రూప్స్ అభ్యర్థికి అదే కరెంట్ అఫైర్స్ మాస్టారు, నోటిఫికేషన్ బోర్డు, ఊళ్లో అమ్మానాన్నల గొంతు. పొద్దున తెరిచినప్పుడు పోలవరం మీద ఒక నిమిషం పాఠం, దాని వెనకే పరీక్ష వాయిదా అంటూ ఎర్ర అక్షరాల థంబ్‌నెయిల్, ఆ వెనక నోట్ల కట్టలు పరిచి ‘నిన్న ఒక్కరోజే ఇంత’ అంటూ నవ్వే కుర్రాడు. ‘‘బిట్స్ చూద్దామని తీస్తా అన్నా, ముప్పావుగంట యాడికి పోయిందో తెల్వది,’’ అన్నాడు చాయ్ బండి దగ్గర ఒక అభ్యర్థి. ఇంటి నుంచి వచ్చిన నెల ఖర్చులో కొంత బెట్టింగ్ యాప్‌లో పోగొట్టుకున్న సంగతి ఆ తర్వాత చెప్పాడు, గొంతు తగ్గించి.

తెలంగాణలో ఆన్‌లైన్ జూదాన్ని 2017లోనే నిషేధించారు. అయినా బెట్టింగ్ యాప్‌ల ప్రచారం ఏళ్ల తరబడి ఫీడ్‌లో సాగిపోయింది. అప్పటి ఆర్టీసీ ఎండీ వీసీ సజ్జనార్ సోషల్ మీడియాలో పట్టుబట్టి వెంటపడ్డాక, 2025 మార్చిలో పంజాగుట్ట పోలీసులు 11 మంది ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద, మియాపూర్ పోలీసులు సినిమా తారలతో కలిపి 25 మంది మీద కేసులు పెట్టారు. ఆ ఆగస్టులో కేంద్రం ఆన్‌లైన్ మనీ గేమ్‌లనూ వాటి ప్రకటనలనూ నిషేధిస్తూ చట్టం చేసింది. ప్రచారం చేసినవాళ్లను విచారించడం సబబే. మరి ఆ ప్రచారాన్ని ఎవరికి చూపించాలో ఎంచి, ఇరవై మూడేళ్ల నిరుద్యోగి ముందు పెట్టిందెవరు? ఆ ప్రశ్న ఎఫ్‌ఐఆర్‌లలో ఇమడలేదు.

అలాగని కనిపించిందల్లా తీసేయమని అనలేం. 2024 అక్టోబర్‌లో, గ్రూప్-1 మెయిన్స్‌కి అభ్యర్థులను ఎంపిక చేసే తీరు మార్చిన జీవో 29ని రద్దు చేయాలని, ఆ పరీక్షలు వాయిదా వేయాలని ఇదే అశోక్‌నగర్‌లో అభ్యర్థులు రోడ్డెక్కారు. పోలీసులు ఈడ్చుకెళ్లిన దృశ్యాలు బయటి ప్రపంచానికి తెలిసింది ఈ చిన్న వీడియోలతోనే. తోపులాట, అరుపులు, లాఠీ. యంత్రం కంటికి ఇదీ హింసే. ఏది వార్త, ఏది వినోదం కోసం అమ్ముతున్న బాధ అని విడదీయాలంటే ఆ మాటలు అర్థమయ్యే మనిషి కావాలి. అయినా 2026 ఫిబ్రవరిలో కేంద్రం ఐటీ నియమాలు సవరించి, ప్రభుత్వం లేదా కోర్టు ఆదేశిస్తే 36 గంటల్లో కాదు, 3 గంటల్లోనే తీసేయాలంది. గడువు తగ్గినకొద్దీ చూసి తీసేవాళ్లకన్నా చూడకుండా తీసేవాళ్లే పెరుగుతారు.

మనుషులు ఇక్కడే ఉన్నారు

విడ్డూరమేమిటంటే, ప్రపంచం చెత్తను ఏరే పని కొంత హైదరాబాద్‌లోనే జరిగింది. ఇక్కడి జెన్‌ప్యాక్ట్ అనే ఔట్‌సోర్సింగ్ కంపెనీ యూనిట్‌లో సుమారు 1,600 మంది ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పోస్టులు తనిఖీ చేస్తున్నారని 2019 ఫిబ్రవరిలో రాయిటర్స్ రాసింది. ఎనిమిది గంటల షిఫ్టులో దాదాపు 2,000 పోస్టులు చూడాలని, అంటే నిమిషానికి నాలుగు తేల్చాలని అక్కడ పనిచేసినవాళ్లు చెప్పారు. తక్కువ జీతం, నిద్రలో వెంటాడే దృశ్యాలు వేరే. పదిహేను సెకన్లలో ద్వంద్వార్థపు డైలాగు, ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగు తిట్టు, మధ్యలో చుక్కలు పెట్టి దాచిన కులం పేరు ఎవరు పట్టగలరు?

తెలుగులో అమ్మాయిని నానా మాటలూ అన్న ఒక వీడియోని ఈమధ్య నేను రిపోర్ట్ చేశాను. మూడు చుక్కలు నొక్కితే జాబితా వచ్చింది: వేధింపు, ద్వేషం, నగ్నత్వం, మోసం. ‘వేధింపు’ నొక్కాను. ఏ మాట, ఎన్నో సెకన్లో, దానికి మన దగ్గర అర్థమేమిటో రాయడానికి గడే లేదు. మా నిబంధనలకు విరుద్ధంగా ఏమీ కనిపించలేదని జవాబొచ్చింది.

2023 చివరి మూడు నెలల్లో భారత్‌కు సంబంధించి 22 లక్షలకు పైగా వీడియోలు తీసేశామని యూట్యూబ్ లెక్క చెప్పింది, ఏ దేశంలోనూ అన్ని పోలేదు. అందులో తెలుగు ఎన్నో ఆ లెక్కలో ఉండదు. 2021 ఐటీ నియమాలు 50 లక్షలకు మించి వాడుకరులున్న కంపెనీలను నెలనెలా నివేదిక ఇమ్మంటాయి గానీ, భాషలవారీగా మనుషులెందరని అడగవు. యూరప్ అడుగుతుంది. అక్కడి డిజిటల్ సర్వీసెస్ చట్టం కింద 2023లో ఎక్స్ ఇచ్చిన మొదటి నివేదికలో ఇంగ్లిష్ తనిఖీదారులు 2,294 మంది, డచ్‌కి ఒక్కరు. ఆ ఒక్కరి సంగతి తెలిశాక అక్కడివాళ్లకు నిలదీసే వీలు చిక్కింది. మన దేశంలో 2011 జనాభా లెక్కల ప్రకారమే తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 8 కోట్ల పైచిలుకు. మనకు ఒక్కరున్నారో, వెయ్యిమంది ఉన్నారో చెప్పమనే నియమం లేదు.

ఐటీ నియమాల్లో నెలవారీ నివేదిక నిబంధనకు ఒక్క వాక్యం చేర్చాలి: ఒక్కో భారతీయ భాషకు ఎందరు తనిఖీదారులున్నారో, ఆ భాషలో ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో, ఎన్ని తోసిపుచ్చారో రాయాలని. రెండు తెలుగు రాష్ట్రాల నుంచి లోక్‌సభలో 42 మంది ఉన్నారు. వచ్చే సమావేశాల్లో వాళ్లలో ఒక్కరైనా ఈ ప్రశ్న వేయాలి.