నాగస్వరం - యంత్రస్వరం

ఒక రాగాన్ని విని నేర్చుకోవడం ఒక విద్య. ఒక నాదాన్ని విని దానిని తిరిగి పుట్టించడం వేరొక విద్య. మొదటిదానికి స్వరజ్ఞానం చాలును. రెండవదానికి, ఆ నాదం ఏ వస్తువునుండి, ఏ ఊపిరితో, ఏ విధంగా పుట్టినదో ఊహించగల చెవి కావలెను. ఈ రెండవ విద్య సంగీతశాలలకే పరిమితం కాదు. హైదరాబాదు పాతబస్తీ వీథులలో పెండ్లి ఊరేగింపు సాగేటప్పుడు దానిని ఎవరైనా వినవచ్చును.

హద్రమౌత్ ప్రాంతపు అరబ్బులు, నిజాం కొలువులోని ఆఫ్రికను అశ్వదళంవారు ఈ నగరానికి తెచ్చిన మర్ఫా దరువులు ఒక ప్రక్క మ్రోగుతూ ఉంటాయి. మరొక ప్రక్క బ్యాండుమేళంవారి బండిపై కీబోర్డు వాయించే యువకుడు ఒక మీట నొక్కి, పాములవాని నాగస్వరం పలికిస్తాడు. అంతటితో కుర్రవాళ్లు రుమాలు నోట కరచుకొని ఊదేవారు కొందరు, చేతులు పడగలుగా ఎత్తి ఆడేవారు కొందరు అవుతారు. ఆ నాదం నిజముగా ఎక్కడిది అని అడిగితే మాత్రం సమాధానం అంత సులభం కాదు.

1954లో ‘నాగిన్’ అనే హిందీ చిత్రం వెలువడింది. నాయిక వైజయంతిమాల; సంగీతం హేమంత్ కుమార్. ఆ చిత్రంలో దేశమంతటినీ ఊపివేసిన బూరపాట పాములవాని బూరపై వాయించినది కాదు. తరువాతి కాలంలో ఆనంద్‌జీతో జంటగా ప్రసిద్ధికెక్కిన కల్యాణ్‌జీ, క్లావియొలిన్ అనే విద్యుద్వాద్యంపై దానిని పలికించాడు. హార్మోనియంపై ఆయనకు తోడ్పడినవాడు రవి. అనగా నేడు పాతబస్తీ కీబోర్డుపై వినిపించేది అనుకరణకు అనుకరణ. మూలం బూర, దానికి ప్రతిబింబం క్లావియొలిన్, ఆ ప్రతిబింబానికి ప్రతిబింబం నేటి కీబోర్డు.

క్లావియొలిన్‌ను 1947లో ఫ్రాన్సు దేశంలో కాన్‌స్టెంట్ మార్టిన్ రూపొందించాడు. అది మూడు స్థాయిల మెట్లున్న చిన్న పెట్టె. ఒకేసారి ఒక స్వరమే పలుకుతుంది. రేడియో గొట్టాల సాయంతో విద్యుత్తు త్వరత్వరగా ఆగుతూ సాగుతూ కంపిస్తే, ఆ కంపనం స్పీకరు ద్వారా నాదమవుతుంది. రాబర్టు మూగ్ 1964లో తన సింథసైజరును వెలువరించడానికి పదేండ్ల ముందే, ఈ చిన్న పెట్టె భారతీయుల చెవులకు యంత్రనాదాన్ని అలవాటు చేసినది. వినేవారిలో ఎందరో అది యంత్రమని ఎరుగరు.

ఇంతకూ యంత్రం బూరను ఎట్లు పోలగలిగినది? దీనికి సమాధానం 1863లో జర్మను శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్‌జ్ ప్రకటించిన గ్రంథంలో కలదు. వీణపై షడ్జమం, వేణువుపై షడ్జమం ఒకే శ్రుతిలో ఉన్నా వేరువేరుగా వినబడుతాయి. మూలస్వరంతోపాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలుగా కంపించే ఉపస్వరాలు ప్రతి నాదంలోనూ దాగి ఉంటాయి. ఏ ఉపస్వరం ఎంత బలంగా ఉన్నదనేదే ముఖ్యంగా నాదానికి రంగునిస్తుంది. ఆ పాళ్లు పట్టుకొన్నవాడు నాదాన్ని చాలవరకు పట్టుకొన్నట్లే.

పాములవాని బూర నిర్మాణం సరళమైనది. ఎండిన సొరబుర్ర, దాని అడుగున మైనంతో బిగించిన రెండు గొట్టాలు, వాటిలో చిన్న పీకలు. ఒక గొట్టంపై వ్రేళ్లాడించి పాట పలికిస్తారు. రెండవది ఎడతెగక శ్రుతి ఇస్తుంది. బుగ్గలలో గాలి నిలుపుకొని ముక్కుతో ఊపిరి పీల్చుతారు గనుక నాదం ఎక్కడా తెగదు. ఒక కొన మూసుకొన్న సమనాళం వంటిది గనుక బేసి ఉపస్వరాలు బలంగా ఉంటాయి. మూలస్వరం సెకనుకు 440 కంపనాలైతే 1320, 2200 అన్నవి ముందుకు వస్తాయి. విద్యుత్తుతో పుట్టించే చతురస్రపు అలలోనూ సరిగా ఈ బేసి ఉపస్వరాలే ఉంటాయి. యంత్రానికీ బుర్రకూ మధ్య చుట్టరికం ఇదే.

ఈ నాదాన్ని నేటి సింథసైజరుపై తిరిగి పుట్టించదలచిన విద్యార్థి పాటించవలసిన క్రమం కూడా ఇందులోనుండే వస్తుంది. మొదట చతురస్రపు అలను ఎన్నుకోవలెను. దానిని కొంత సన్నం చేసినకొలదీ ముక్కుతో పలికినట్లుంటుంది. తరువాత వడపోతతో అడుగు బరువును, పైని కీచుదనాన్ని తగ్గించి నడిమి భాగాన్ని నిలుపవలెను. మెట్టు నొక్కగానే నాదం నిండుగా లేవవలెను, విడువగానే ఆగవలెను. వీణవలె క్రమంగా సన్నగిల్లరాదు. స్వరం సెకనుకు అయిదారు మార్లు స్వల్పంగా ఊగవలెను. ఒక స్వరంనుండి మరొకదానికి దూకక జారవలెను. చివరకు రెండవ గొట్టానికి బదులుగా షడ్జమం ఒకటి అడుగున నిరంతరం మ్రోగవలెను. చాలమంది మరచేది ఈ చివరిదానినే. అది లేకపోతే వినబడేది సినిమా పాట. అది ఉంటే వినబడేది పాములవాడు.

ఇక్కడ ఆలోచింపవలసిన విషయం ఒకటి కలదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన తరువాత పాములను పట్టి ఆడించడం నేరమైనది. నాగపంచమినాడు హైదరాబాదులో పాములవాళ్లనుండి పాములను విడిపించే పని అటవీశాఖవారు చేపడుతూ వచ్చారు. ఇది న్యాయమే. కోరలు పీకించుకొని బుట్టలో మ్రగ్గే నాగుబాము బాధ చిన్నది కాదు. పైగా పాము ఆడేది పాటకు కాదు. కదలే బూరను చూచి తలయూపుతుంది. అయితే పాముతోపాటు బూర కూడా వీథినుండి తప్పుకొన్నది. పున్నాగవరాళిని నాగులతో ముడిపెట్టి చెప్పుకొనే జాతికి, ఆ నాగులవాద్యమే వినబడని రోజు వచ్చినది. నేడు పాతబస్తీలో పెరిగే బాలునికి నాగస్వరమంటే కీబోర్డులోని మీటయే.

అనుకరణ తప్పు కాదు. కల్యాణ్‌జీ వాయించినది ఒక ఘనకార్యమే. బ్యాండుమేళపు యువకుడు చెవితో సాధించినదీ విద్యయే. అయితే అద్దంలోని దీపం వెలుగుతూ ఉండవలెనంటే ఎదుట అసలు దీపం ఒకటి ఉండవలెను. చట్టం నిషేధించినది పామును బంధించడాన్నే గాని బూర ఊదడాన్ని కాదు. పాము లేకుండ బూర బ్రతుకవచ్చును. ఆ వాద్యం ఎరిగిన వృద్ధులు ఇంకను ఉన్న ఊళ్లలో ఉపాధ్యాయులు వారిని బడికి పిలిచి, సొరబుర్రలో నాదం ఎట్లు పుట్టునో పిల్లలకు వినిపించి, ఆ ధ్వనిని భద్రపరచవచ్చును. అప్పుడు ఆ పిల్లవాడు కీబోర్డు ముందు కూర్చొన్ననాడు దేనిని పోలవలెనో ఎరిగి వాయిస్తాడు. తన యంత్రం ఎక్కడ బూరను అందుకొన్నదో, ఎక్కడ అందుకోలేదో తానే చెప్పగలుగుతాడు.