దారిబత్తెం కాపాడుకోవడమూ ధర్మమే

తీర్థయాత్రకు బయలుదేరే గృహస్థు విఘ్నేశ్వర పూజ చేస్తాడు, సంకల్పం చెప్పుకుంటాడు, ఇంటి దేవునికి ముడుపు కడతాడు. వీటితోపాటు మన పూర్వులు తప్పనిసరిగా చేసిన పని మరొకటి ఉన్నది. అదే దారిబత్తెం లెక్క చూసుకోవడం. సంస్కృతంలో దీనిని పాథేయం అన్నారు. పథము అంటే దారి; దారిలో అక్కరకు వచ్చేది పాథేయం. ఒకనాడు అది అటుకుల మూట, సత్తుపిండి, నడుముకు కట్టుకున్న జాలెలోని నాణేలు. నేడది నోట్లకట్ట, బ్యాంకు కార్డు, చేతిలోని సెల్‌ఫోను. రూపం మారింది కాని దానిని కాపాడుకోవలసిన బాధ్యత మారలేదు.

"దైవదర్శనానికి వెళ్తూ డబ్బు గురించి ఆలోచించడమేమిటి? అన్నీ ఆయనే చూసుకుంటాడు" అనే మాట తరచుగా వింటుంటాము. ఈ మాట సన్న్యాసి అంటే అందం. ఆయనకు మూట లేదు, ముల్లె లేదు, తిరిగి చేరవలసిన ఇల్లూ లేదు. గృహస్థు స్థితి వేరు. ఆయన సంచిలోని ధనంలో వెంట వచ్చిన భార్య భోజనమున్నది, వృద్ధురాలైన తల్లి మందులున్నాయి, తీర్థపురోహితుని దక్షిణ ఉన్నది, తిరుగు ప్రయాణమున్నది. ఇందరి భాగం కలిసిన ధనం ఒక్కడి సొత్తు కాదు, అతని చేతిలో ఉంచిన నిక్షేపం. నిక్షేపాన్ని పోగొట్టుకోవడాన్ని వైరాగ్యమని ఏ శాస్త్రమూ చెప్పలేదు.

శాస్త్రం ఏమంటున్నది?

మహాభారతం అరణ్యపర్వంలో తీర్థయాత్రా ప్రకరణం విస్తారంగా ఉన్నది. భీష్మునికి పులస్త్య మహర్షి చేసిన తీర్థోపదేశాన్ని నారదుడు ధర్మరాజుకు వినిపిస్తాడు. యజ్ఞాలకు ఎన్నో సంభారాలు కావాలి, అవి రాజులకు, ధనవంతులకు మాత్రమే సాధ్యం. పేదవాడు సైతం పొందగలిగిన ఫలం తీర్థయాత్రలో ఉన్నదని అక్కడి ఉపదేశం. చేతులు, కాళ్లు, మనస్సు అదుపులో ఉంచుకున్నవానికి, ఇతరుల నుండి దానం పట్టకుండా ఉన్నదానితో తృప్తి చెందినవానికి ఆ ఫలం దక్కుతుందని కూడా చెప్పబడింది. అంటే యాత్రకు ఎక్కువ ధనం అక్కరలేదు. కాని ఉన్న కొద్దిపాటి ధనం తనదై ఉండాలి, అది చాలేటట్లు నడుచుకోవాలి.

అదే పర్వంలో లోమశ మహర్షి యాత్రకు సిద్ధమైన ధర్మరాజుతో, పరివారాన్ని తగ్గించుకొని తేలికగా ఉండమని, తేలికగా ఉన్నవాడే హాయిగా సంచరించగలడని చెబుతాడు. ఆకలిని, దారిశ్రమను, చలిని ఓర్వలేని వారిని వెనుకకు మరలమని ధర్మరాజు కోరుతాడు. వారి పోషణకు ధృతరాష్ట్రుని వద్దకు వెళ్లవచ్చునని దారి కూడా చూపుతాడు. తన వెంట వచ్చేవారెవరు, వారి భారమెంత, వెనుక మిగిలినవారికి ఆధారమేమిటి అన్నది తేల్చుకున్న తరువాతనే ఆయన అడుగు ముందుకు వేశాడు.

ధర్మశాస్త్రకారులు మరొక లెక్క చెప్పారు. పరుల నిమిత్తం వారి ధనంతో వెళ్లినవానికి తీర్థఫలంలో పదహారవ వంతు, వేరే పనిమీద వెళ్లి స్నానం చేసి వచ్చినవానికి సగం. అందువల్లనే మన ఇళ్లలో అప్పుచేసి కాశీకి వెళ్లకూడదని, బయలుదేరే ముందు ఉన్న అప్పులు తీర్చుకోవాలని పెద్దలు పట్టుబట్టేవారు. ఇంట్లో ఉండేవారికి గ్రాసం ఏర్పాటుచేయకుండా యాత్రకు పోవడం పుణ్యకార్యం కాదు.

హుండీ అనే మాట వెనుక

నేడు హుండీ అనగానే దేవాలయంలో కానుకలు వేసే పాత్ర మన కళ్లముందు నిలుస్తుంది. వర్తకుల భాషలో హుండీ అంటే చెల్లింపు పత్రం. తన ఊరి షావుకారు వద్ద రొక్కం కట్టి, అతడు వ్రాసి ఇచ్చిన కాగితాన్ని దూరదేశంలోని అతని ప్రతినిధికి చూపి ధనం పుచ్చుకునే పద్ధతి అది. దారిదోపిడీల భయమున్న కాలంలో యాత్రికులకు ఇది గొప్ప రక్ష.

గుజరాతు దేశపు భక్తకవి నరసీ మెహతా చరిత్రలో ఈ హుండీయే ఒక మనోహరమైన ఘట్టం. ద్వారకకు పోతున్న యాత్రికులు జునాగఢ్ చేరారు. వారి వద్ద 700 రూపాయలున్నాయి. ముందున్న దారిలో దొంగల భయం. హుండీ వ్రాసే షావుకారు ఎవరని ఊరిలో విచారిస్తే, కొందరు ఎగతాళికి నిరుపేద అయిన నరసీ ఇల్లు చూపారు. నరసీ కాదనలేదు. ద్వారకలోని శామలశా సేఠు పేరిట హుండీ వ్రాసి ఇచ్చాడు. శామలుడంటే శ్యామసుందరుడైన కృష్ణుడే. వచ్చిన ధనాన్ని సాధుసేవకు వెచ్చించాడు. ద్వారకలో ఎంత వెదకినా ఆ పేరు గల సేఠు కనిపించక యాత్రికులు దిగులుపడుతున్న వేళ, స్వామియే షావుకారు వేషంలో వచ్చి పైకం చెల్లించాడని భక్తుల విశ్వాసం.

ఈ కథలో మనం నరసీ భక్తిని మాత్రమే తలచుకుంటాము. ఆ యాత్రికులను కూడా ఒక్కసారి తలచుకోండి. వారు ద్వారకానాథుని నమ్మినవారే. అయినా రొక్కాన్ని మూటకట్టి దొంగల దారిన పోలేదు. తమకు తెలిసిన జాగ్రత్త తాము తీసుకున్నారు. స్వామి వారిని మందలించలేదు. వారు తెచ్చిన కాగితాన్నే గౌరవించాడు.

మన తెలుగువారిలో ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మే 18న చెన్నపట్నం నుండి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరారు. వెంట దాదాపు నూరుగురు పరివారం. పదిహేను నెలలకు పైబడిన ప్రయాణం. రైలు లేదు, తంతి లేదు. మధ్యదేశపు బాటలలో థగ్గులు బాటసారుల ప్రాణాలు తీసే రోజులవి. ఆయన దారిపొడవునా వ్రాసిన విశేషాలు 'కాశీయాత్ర చరిత్ర' పేరుతో 1838లో ముద్రితమైనాయి. అంతమందితో అంతకాలం దారిలో గడపడమంటే ప్రతి మజిలీలోను మనుషుల తిండిని, మరుసటి దినపు ఖర్చును చూసుకుంటూ సాగడమే. భక్తి ఆయనను నడిపించింది. ముందుచూపు అందరినీ ఇంటికి చేర్చింది.

నాలుగు మూటలు

మా ఇంట పెద్దలు అనుసరించిన పద్ధతి ఒకటి చెబుతాను. ఇది శాస్త్రవచనం కాదు, ఆచారంలో నిలిచిన వివేకం. యాత్రాధనాన్ని బయలుదేరక ముందే నాలుగు మూటలుగా విడదీయాలి. మొదటిది ప్రయాణానికి, బసకు, భోజనానికి. రెండవది స్నాన దాన శ్రాద్ధాదులకు. మూడవది ఆపద్ధనం, జ్వరం వస్తే, బండి తప్పితే, సామాను పోతే తీయవలసినది. నాలుగవది తిరుగు ప్రయాణానికి. దేవుని ముడుపు ఈ నాలుగింటిలో చేరదు. పసుపుగుడ్డలో కట్టినది కట్టినట్లే స్వామికి చేరాలి. "ఇప్పుడు వాడుకొని తరువాత కలుపుదాం" అనుకోవడమే చిక్కులకు మొదలు.

ఈ నాలుగు ఒకే సంచిలో ఉండకూడదు. ఆనాటి పెద్దలు కొంత జాలెలో, కొంత బియ్యపు మూటలో, కొంత కొంగుముడిలో ఉంచింది ఇందుకే. మీరు కొంత లోజేబులో, కొంత బస చేసిన గది లాకరులో, మిగిలినది బ్యాంకులో ఉంచుకోండి. దక్షిణలకు పది, ఇరవై, యాభై రూపాయల నోట్లు వేరుగా పెట్టుకోండి. పదిమందిలో పెద్ద కట్ట బయటకు తీసి లెక్కపెట్టడం దొంగను పిలవడమే. ఏ పూటకాపూట ఖర్చు చిన్న పుస్తకంలో వ్రాసుకుంటే మర్నాటి దారి తెలుస్తుంది.

చేతిలోని రొక్కమంతా ఒకే రూపంలో ఉండటమూ క్షేమం కాదు. 2016 నవంబరు 8 రాత్రి 500, 1000 రూపాయల నోట్లు రద్దయినప్పుడు అది కార్తిక మాసం. క్షేత్రాలలో ఉన్న ఎందరో యాత్రికులు సంచిలో డబ్బుండీ పాలపొట్లం కొనలేకపోయారు. నేడు దానికి మారుగా ఫోనునే నమ్ముకుంటున్నాము. కేదారం వంటి కొండదారులలో అన్నిచోట్లా సంకేతాలు అందకపోవచ్చు, చలికి బ్యాటరీ త్వరగా ఖాళీ అవుతుంది. ఫోను పోతే అందులోనే ధనం, టిక్కెట్టు, బంధువుల నంబర్లు అన్నీ పోతాయి. ముఖ్యమైన నంబర్లు, బస చిరునామా కాగితంపై వ్రాసి దగ్గర ఉంచుకోండి.

అమ్మ చేతిలోనూ కొంత

ఇది దంపతులకు ప్రత్యేకంగా చెప్పదలచిన మాట. 2023 ఏప్రిల్‌లో గంగా పుష్కరాల వేళ కాశీ ఘట్టాలలో తెలుగు మాట వినిపించని చోటు లేదు. ఆ జనసమ్మర్దంలో ఒక పెద్దావిడ మెట్లపై కూర్చుని ఏడుస్తున్నది. భర్త గుంపులో తప్పిపోయాడు. డబ్బు ఆయన దగ్గర, ఫోను ఆయన దగ్గర, సత్రం పేరూ ఆయనకే తెలుసు. నలభై ఏళ్ల కాపురంలో ఆమె తన చేతితో ప్రయాణఖర్చు పెట్టి ఎరుగదు. "నాకెందుకు నాయనా, ఆయన ఉన్నారుగా అనుకున్నాను" అన్నది. తెలుగు మాటలు విని దగ్గరకు వచ్చినవారు ఒక్కొక్క సత్రానికి ఫోను చేయగా, సాయంకాలానికి ఆయన ఆచూకీ దొరికింది.

సహధర్మచారిణి అని పేరు పెట్టి, యాత్రాఫలంలో భాగమిచ్చి, దారిబత్తెంలో భాగమివ్వకపోవడం ఏమి న్యాయం? ఇంటి యజమానులారా! బయలుదేరే నాడే అమ్మగారి కొంగున ఒక రోజు భోజనానికి, బసకు చేరే బండికి సరిపడా సొమ్ము, సత్రం పేరు, మీ నంబరు వ్రాసిన చీటీ కట్టండి. ఆమె దానిని ఖర్చు చేయనక్కరలేదు. అది ఉన్నదన్న ధైర్యమే ఆమెకు దర్శనసుఖం.

నగల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. పూర్వం ఎందరో సువాసినులు యాత్రలో నగలన్నీ ఇంట వదిలి పసుపుతాడుతోనే స్నానాలు చేసేవారు. సౌభాగ్యానికి పసుపుతాడు చాలును. నదిలో ముక్కు మూసుకొని మునిగేవేళ ఒడ్డున సంచిని గాలికి వదలకండి. ఒకరు మునుగుతుంటే ఒకరు కాపుండాలి. ఒంటరిగా వెళ్లినవారు విలువైనవి లాకరులో పెట్టి, ఆ పూట ఖర్చుతో మాత్రమే ఘట్టానికి పోవాలి.

కంటికి కనబడని దొంగలు

ఇప్పటి దొంగ అడవిలో ఉండడు. గది ఇప్పిస్తామని, శీఘ్రదర్శనమని, హెలికాప్టరు టిక్కెట్టని దేవస్థానాల పేర్లతో నకిలీ వెబ్‌సైట్లు పుట్టుకొస్తున్నాయి. కేదారనాథ్ హెలికాప్టరు టిక్కెట్లను 2023 నుండి ఐఆర్‌సీటీసీ తన హెలియాత్ర సైటు ద్వారా విక్రయించసాగింది. అయినా నకిలీలకు సొమ్ము కట్టి కొండ దిగువన నిలిచిపోయినవారున్నారు. దేవస్థానం అధికారిక సైటులోనో, కౌంటరులోనో తప్ప వేరేచోట సొమ్ము కట్టకండి. మీకు డబ్బు రావడానికి పిన్ నొక్కనక్కరలేదు, నొక్కమన్నవాడు మోసగాడే. ఓటీపీ ఎవరికీ చెప్పకండి. మోసం జరిగిందని తెలిసిన క్షణమే 1930 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చేయండి, బ్యాంకుకు చెప్పి కార్డు నిలిపివేయించండి. సిగ్గుతో దాచుకుని గడిపిన ప్రతి గంటా దొంగకే లాభం.

సంకల్పజలం చేతిలో ఉండగా

దక్షిణతో జీవించే అర్చకుడను కనుక ఈ సంగతి మొగమాటం లేకుండా చెప్పగలను. ప్రయాగలో వేణీదానం వేళ, గయలో అక్షయవటం క్రింద "పితృదేవతలు తృప్తి చెందారు" అనిపించుకునే వేళ మనసు కరిగి ఉంటుంది. తల్లిదండ్రుల పేరు చెప్పి పెద్ద మొత్తం అడిగితే కాదనడానికి నోరు రాదు. తిరుగు ప్రయాణపు మూట అక్కడే విప్పినవారిని ఎరుగుదును. కనుక క్రతువు ఏమిటి, దక్షిణ ఎంత అన్నది ఆసనంపై కూర్చోక ముందే మాట్లాడుకోవాలి. కుదిరిన దానిని తరువాత తగ్గించకూడదు. అది పురోహితునికి అన్యాయం. ఉండి కూడా లేదనడాన్ని విత్తశాఠ్యమన్నారు, అది దోషం. లేనిది ఉన్నట్లు ఇచ్చి దారిలో చేయిచాచడం కూడా ధర్మం కాదు. శక్తికొలది అన్నమాటకు అర్థం ఈ రెండింటి నడుమ ఉన్నది. నువ్వులు, నీళ్లు, శ్రద్ధ ఉంటే పితరులు తృప్తి చెందుతారు. మీరు అప్పులపాలు కావాలని వారు కోరరు.

కాశీలో అన్నపూర్ణ ఉండగా ఎవరూ పస్తు పడుకోరని మన నమ్మకం. అది నిజం. ఆ తల్లి చేతి అన్నం నిజంగా ఆధారం లేనివాని కోసం ముందుగా కాచుకుని ఉన్నది. శక్తి ఉన్నవారు ప్రసాదం స్వీకరించి, అన్నదానానికి తమ వంతు సమర్పించి రావాలి.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఎందరో స్నానానికి తరలుతారు, ఎందరో ఆ ఊపులో కాశీ గయలకు సాగుతారు. బయలుదేరే ముందు దీపారాధన చేసి దంపతులిద్దరూ దేవుని ముందు కూర్చోండి. నాలుగు మూటలు కట్టండి, చీటీలు వ్రాయండి. వాటిని స్వామి పాదాల వద్ద ఒక్క క్షణం ఉంచి తీసుకోండి. గర్భగుడి ముందు నిలిచినప్పుడు చేయి జేబును తడుముకోకుండా ఉంటే, రెండు చేతులూ జోడించడానికి మిగులుతాయి.

మీ యాత్ర నిర్విఘ్నమగుగాక. శుభమస్తు.