బురుజు మీద తొండ, దొడ్లో కోడి: డైనోసార్‌కు ఎవరు దగ్గర చుట్టం?

కొండవీడు ఘాట్ రోడ్డు పడ్డాక కొండెక్కడం నాలాంటి మోకాళ్ల నొప్పులవాడికి కూడా సులువైంది. మొన్న వేసవిలో మా అక్క మనవణ్ణి తీసుకుని పైకి వెళ్లాను. వాడు ఏడో తరగతి. ముత్యాలమ్మ చెరువు గట్టు దాటి, సగం కూలిన ఒక బురుజు దగ్గర కూర్చున్నాం. ఎండలో కాగుతున్న రాతి మీద ఒక తొండ ముందుకాళ్ల మీద లేస్తూ, వాలుతూ దండీలు తీస్తోంది.

"తాతయ్యా, రాక్షస బల్లి అంటే ఇదే కదా? దీన్నే బస్సంత చేస్తే డైనోసార్ అయిపోతుందా?"

"కాదు నాన్నా."

"మరి ఈ కొండ తవ్వితే డైనోసార్ ఎముకలు దొరుకుతాయా?"

"దొరకవు."

రెండుసార్లూ కాదన్నాను గాని, ఎందుకు కాదో చెప్పకపోతే వాడు ఊరుకునే రకం కాదు. ఆ మధ్యాహ్నం వాడికి చెప్పింది, ఇంటికొచ్చాక నేను సరిచూసుకుని కలిపింది ఇక్కడ రాస్తున్నాను.

కొండవీట్లో డైనోసార్ ఎముకలు ఎందుకు దొరకవు?

ఎముక రాయిగా మారాలంటే ముందు అది తొందరగా మట్టి కిందికి పోవాలి. ఏటి ఒండ్రో, చెరువు అడుగు బురదో దాన్ని కప్పెయ్యాలి. ఆ బురద పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడుతుంటే, నేలలోని నీటిలో కరిగిన ఖనిజాలు ఎముక సందుల్లోకి చేరి నిలుస్తాయి. కాబట్టి శిలాజం దొరకాలంటే రెండు కుదరాలి: ఆ రాయి ఒకప్పుడు బురదో ఇసుకో అయి ఉండాలి, అది పేరుకున్న కాలంలో ఆ జంతువు బతికి ఉండాలి.

కొండవీడులో రెండూ కుదరవు. ఇవి తూర్పు కనుమల వరసకు చెందిన బండలు. ఒకప్పుడు భూమి లోపల ఇరవై కిలోమీటర్లకు పైగా లోతులో, విపరీతమైన వేడికీ ఒత్తిడికీ లోనై రూపు మారినవి. వయసు వంద కోట్ల ఏళ్లకు పైమాటే. మొదటి డైనోసార్లు నేల మీద తిరిగింది సుమారు 23 కోట్ల ఏళ్ల కిందట. అవి పుట్టేనాటికే ఈ బండలు పండు ముదుసళ్లు.

"మరి పిడుగురాళ్ల సున్నపురాయి? అది బురదే కదా?" అన్నాడు వాడు. మంచి ప్రశ్న. పల్నాడు సున్నపురాయి, మాచర్ల వైపు మన ఇళ్లలో పరుచుకునే నాపరాయి నిజంగానే లోతు తక్కువైన సముద్రపు అడుగున పొరలుగా పేరుకున్నవి. ఆ పొరలు చేత్తో పట్టుకుని చూస్తేనే తెలుస్తాయి. కాని వాటి వయసు 50 కోట్ల ఏళ్లకు పైన. అప్పటికి భూమ్మీద ఎముక ఉన్న ప్రాణి ఒక్కటీ లేదు. కొండవీడు రాయి అసలు బురదే కాదు. పిడుగురాళ్లది బురదే గాని, ఎముక పుట్టకముందు బురద.

డైనోసార్ల కాలం నాటి పొరలు మనకు మరీ దూరమేం కాదు. ఒంగోలు వైపు బుడవాడ, వేమవరం, పావులూరు పేర్లతో భూగర్భ శాస్త్రవేత్తలు పిలిచే పొరలున్నాయి. అవి క్రెటేషియస్ యుగం తొలిభాగానివి. వాటిలో ఆకుల అచ్చులు, అమ్మోనైట్లనే సముద్ర జీవుల గుల్లలు దొరికాయి. పెద్ద ఎముకల కోసమైతే మాత్రం గోదావరి దాటాలి.

తెలుగు నేల మీద ఎక్కడ దొరికాయి?

ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు చుట్టుపక్కల, పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోనూ ఆనుకుని ఉన్న మహారాష్ట్ర సిరొంచ వైపునా. అక్కడ భూమి పొడవునా బీటలువారి కుంగింది. ఆ కుంగిన లోయలోకి నదులు కోట్ల ఏళ్లపాటు ఇసుక, మట్టి తెచ్చి పోశాయి. శిలాజాలకు అంతకంటే మంచి గాదె ఉండదు.

1961లో కోల్‌కతా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు అక్కడ ఒక భారీ శాకాహారి ఎముకలు తవ్వి తీశారు. తొడ ఎముక ఒక్కటే 1.7 మీటర్లు, అంటే మనిషంత. అది రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి సంవత్సరం. 1975లో జైన్, కుట్టి, రాయ్ చౌధురి, ఛటర్జీ దానికి బారాపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. బెంగాలీలో 'బారా పా' అంటే పెద్ద కాలు. తెలుగు పేరు రావడానికి 1988 దాకా ఆగాల్సి వచ్చింది. యామనపల్లి దగ్గర దొరికిన ఎముకలను పరిశీలించిన పి. యాదగిరి ఆ ఏడాది కోటసారస్ యామనపల్లియెన్సిస్ అని నామకరణం చేశారు. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టి ఉంది. కనీసం పన్నెండు జంతువుల ఎముకలు దొరికితే, వాటిలోంచి ఏరి కూర్చిన బొమ్మ అది. ఈ రెండూ సుమారు 18 కోట్ల ఏళ్ల నాటివి.

అదే లోయలో ఇంకా పాత పొరలున్నాయి. వాటిలో దొరికిన జంతువులకు 2011లో నంబాలియా, జక్లపల్లిసారస్ అని పెట్టారు. నంబాల, జక్కులపల్లి అనే ఊళ్ల పేర్లవి. 2025లో వాటి పక్కన మాలెరిరాప్టర్ కుట్టియై చేరింది. మాలేరి పొరల్లోని మాంసాహారి, సుమారు 22 కోట్ల ఏళ్ల నాటిది. మన పల్లెల పేర్లు ప్రపంచమంతటా పాఠ్యగ్రంథాల్లో ఉన్నాయి. మన బడి పుస్తకాల్లో మాత్రం ఇప్పటికీ టైరనోసారస్ బొమ్మే వేస్తారు.

రాక్షస బల్లి కాకపోతే మరి ఏమిటి?

1842లో ఇంగ్లండులో రిచర్డ్ ఓవెన్ 'భయంకరమైన బల్లి' అన్న అర్థంలో గ్రీకు మాటలతో డైనోసార్ అన్న పేరు కట్టాడు. మనవాళ్లు దాన్నే రాక్షస బల్లి అన్నారు. పేరు బాగా అతుక్కుంది, తప్పూ దాంతోపాటే అతుక్కుంది.

తొండను మళ్లీ చూడండి. దాని మోచేతులు, మోకాళ్లు పక్కలకు పొడుచుకొచ్చి ఉంటాయి. నిలబడాలంటే ప్రతిసారీ దండీ తియ్యాలి. పరుగెత్తేటప్పుడు ఒళ్లు అటూ ఇటూ మెలికలు తిరుగుతుంది, ఆ మెలికలో ఊపిరితిత్తులు సరిగా నిండవు. అందుకే తొండ నాలుగడుగులు ఉరికి ఆగుతుంది. మళ్లీ ఉరికి, మళ్లీ ఆగుతుంది.

డైనోసార్ కాలు అలా పక్కకు పోదు, ఒంటి కింద స్తంభంలా నిలువుగా దిగుతుంది. దీనికి గుర్తు తుంటిలో ఉంది. తొడ ఎముక వచ్చి కూర్చునే గుంట మనకు గిన్నెలా ఉంటుంది, అడుగు మూసుకుని. డైనోసార్లకు అది ఆ పక్కకు కనిపించే చిల్లు. తొడ ఎముక తల లోపలికి వంగి ఆ చిల్లులో కూర్చుంటుంది, బరువు నేరుగా కాలి మీద పడుతుంది. చీలమండ కూడా తలుపు బందులా ముందుకూ వెనక్కూ మాత్రమే ఆడుతుంది. శాస్త్రవేత్తలు ఒక కొత్త ఎముక డైనోసార్‌దా కాదా అని తేల్చడానికి ముందు చూసేవి పళ్లు కావు, సైజు కాదు. తుంటి, తొడ, చీలమండ. కోడిపెట్టంత డైనోసార్లూ ఉన్నాయి, వాటికి రాక్షసత్వం ఎక్కడిది?

కోడి ఎలా చుట్టమైంది?

కోడిపందెం వల్ల యుద్ధం దాకా వెళ్లిన సీమ మనది. పన్నెండో శతాబ్దంలో నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడు పందేనికి దింపిన పుంజుల కథ పల్నాట్లో వినని ఇల్లుండదు. ఆ పుంజులు రెండూ డైనోసార్లే అంటే అతిశయోక్తి అనుకోకండి. శాస్త్రం లెక్కలో పక్షి అంటే డైనోసార్ల వంటిది కాదు, డైనోసారే. మాంసాహార డైనోసార్ల శాఖలో మిగిలిన కొమ్మ.

రుజువు వంటింట్లో ఉంది. కోడి కాలి ముక్క, అదే లెగ్ పీస్, తిన్నాక పెద్ద ఎముక పక్కన సూదిలాంటి సన్నెముక ఒకటి మిగులుతుంది. పిల్లలకు గొంతులో గుచ్చుకుంటుందని అమ్మలు ముందే తీసేస్తారు. అది మన పిక్కలోని రెండో ఎముకే. తొలి డైనోసార్లలో అది చీలమండ దాకా నిండుగా ఉండేది, పక్షుల దారిలో తగ్గుతూ తగ్గుతూ సూదిగా మిగిలింది. కోడికి మోకాలు వెనక్కి వంగుతుందని చాలామంది అనుకుంటారు. అలా వంగేది మోకాలు కాదు, చీలమండ. దాని కింద పొలుసులతో ఉన్నదంతా పాదమే. కోడి ఎప్పుడూ మునివేళ్ల మీదే నడుస్తుంది, మాంసాహార డైనోసార్లూ అలాగే నడిచాయి. బురదలో కోడి అడుగు, రాతిలో వాటి అడుగు, రెండూ ముందుకు మూడు వేళ్లే.

మెడ కింద రెండు పాయలుగా చీలిన ఎముక, లోపల గాలి గదులున్న ఎముకలు, రెక్క కొసన అతుక్కుపోయిన మూడు వేళ్లు, ఇవన్నీ ఆ ఇంటి ఆస్తులే. 1861లో జర్మనీలో పళ్లు, పొడవాటి ఎముకల తోక, ఈకలు మూడూ ఉన్న ఆర్కియోప్టెరిక్స్ బయటపడింది. ఆ తర్వాత కొన్నేళ్లకే థామస్ హక్స్‌లీ ఈ చుట్టరికం గురించి గట్టిగా వాదించాడు. నమ్మినవాళ్లు తక్కువ. 1996లో చైనాలో ఎగరలేని చిన్న డైనోసార్ సైనోసారోప్టెరిక్స్ ఒంటి చుట్టూ నూగు ఈకల అచ్చుతో బయటికొచ్చింది. నూగు ముందొచ్చింది, ఎగరడం తర్వాత వచ్చింది. వాదన అక్కడ దాదాపు ముగిసింది.

గాలిలో ఎగిరినవి డైనోసార్లు కావా?

ఇక్కడ వాడు నిజంగా నొచ్చుకున్నాడు. వాడి బ్యాగు మీద తోలు రెక్కల టెరోసార్ బొమ్మ ఉంది, కింద 'డైనో' అని అచ్చు. బ్యాగు కంపెనీవాడు తప్పు రాశాడురా అంటే వాడికి రుచించలేదు.

టెరోసార్లు డైనోసార్లు కావు. మన లెక్కలో చెప్పాలంటే పెదనాన్న పిల్లలు, చిన్నాన్న పిల్లలు. తాత ఒకడే, ఇళ్లు వేరు. డైనోసార్ల తుంటి చిల్లు టెరోసార్లకు లేదు. కాని వాటి చీలమండ కూడా బందులా ఆడేదే, అది ఉమ్మడి తాత ఇచ్చింది. 2020లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన లాగర్‌పెటిడ్లనే చిన్న నేల జంతువులను టెరోసార్లకు అత్యంత దగ్గరి చుట్టాలుగా చూపింది. అప్పటిదాకా టెరోసార్లు ఎక్కణ్ణించి ఊడిపడ్డాయో తెలియక తికమకపడేవాళ్లు. ఈ రెండిళ్లకూ దూరపు జ్ఞాతి మొసలి. సాగర్ జలాశయంలో ఎండకు పడుకునే మొసలికి బతికున్న ప్రాణుల్లో అందరికంటే దగ్గరి చుట్టం ఉడుము కాదు, కొంగ! మొసలి గుండెకూ పక్షి గుండెకూ నాలుగు గదులు, తొండకు మూడే. తొండది ఊరు ఒకటే, ఇంటిపేరు వేరు.

రెక్కల సంగతి చూస్తే తేడా మరీ స్పష్టం. పాత మండపాల చూరుల్లో గబ్బిలాలు వేలాడుతుంటాయి కదా. గబ్బిలం రెక్క గొడుగు లాంటిది, నాలుగు పొడుగు వేళ్లు ఊచల్లా చర్మాన్ని చాచి పట్టుకుంటాయి. పక్షి రెక్క విసనకర్ర, పని చేసేది ఈకలు, వేళ్లు కుంచించుకుపోయాయి. టెరోసార్ రెక్క తెరచాప. నాలుగో వేలు ఒక్కటే ఒంటికంటే పొడవుగా సాగి, వెదురులా చర్మాన్ని ఒంటిదాకా లాగి పట్టుకుంటుంది. మిగతా మూడు వేళ్లు గోళ్లతో చిన్నగా ముందుకు ఉంటాయి. మణికట్టు దగ్గర టెరాయిడ్ అనే ఎముక అదనం, మరే జంతువుకూ లేదు. భుజం ముందున్న చర్మాన్ని బిగించడానికీ వదలడానికీ అది పనికొచ్చేది. ఆ చర్మం కూడా ఉత్త తోలు కాదు, లోపల సన్నని పోగులు అల్లుకుని ఉండేవి. ఒంటి మీద నూగు ఉండేది. నేల మీద రెక్కలు మడిచి నాలుగు కాళ్లతో నడిచేవని వాటి అడుగుజాడలు చెబుతున్నాయి.

అంటే వెన్నెముక ఉన్న జంతువులు ఎగరడం మూడుసార్లు, మూడు వేరే ఇళ్లలో, విడివిడిగా నేర్చాయి. టెరోసార్లు అందరికంటే ముందు, 20 కోట్ల ఏళ్లకు పూర్వమే. తర్వాత పక్షులు, చివర గబ్బిలాలు. టెరోసార్లలో పెద్దదైన క్వెట్జల్‌కోట్లస్ రెక్కలు చాస్తే 10 మీటర్లు. 6.6 కోట్ల ఏళ్ల కిందట పెద్ద డైనోసార్లతో పాటు అవీ పోయాయి. వాటికి వారసులు లేరు.

గోదావరి లోయలో అవి ఎగిరాయా?

ఎగిరే ఉంటాయి, కాని చూపించడం కష్టం. 1974లో ఎస్.ఎల్. జైన్ ఆ లోయలో 'కోట' అని పిలిచే పొరల్లో దొరికిన ఒక దవడ ముక్కను టెరోసార్‌దిగా గుర్తించి కాంపిలోగ్నథోయిడెస్ ఇండికస్ అన్నారు. తర్వాతి పరిశోధకులు సందేహించారు, అది చేపదేమో అన్న మాట కూడా వచ్చింది. జైన్‌ను తప్పుపట్టను. టెరోసార్ ఎముకల గోడలు అట్టముక్కంత పలచన, బోలు. ఏటి ఇసుకలో పడితే నలిగి పొడైపోతాయి. బారాపాసారస్ తొడ ఎముక తట్టుకున్న వరదను అవి తట్టుకోలేవు. జర్మనీలోనో చైనాలోనో నిలకడైన మడుగుల మెత్తటి బురదలో పడ్డవే మనకు నిండుగా దక్కాయి.

దిగేటప్పుడు వాడు బ్యాగు తిప్పి వేసుకున్నాడు, బొమ్మ వీపువైపు. ఇంట్లో ఆ రాత్రి కోడి కూర. వాడు సూదెముక తీసి పళ్లెం అంచున పెట్టి, చీలమండ దాకా ఎందుకు రాలేదో వాళ్లమ్మకు చెప్పడం మొదలుపెట్టాడు.

మీరూ ఒకసారి ఆ ఎముక తీసి చూడండి. తర్వాత హైదరాబాద్ వెళ్లినప్పుడు బిర్లా సైన్స్ సెంటర్‌లో కోటసారస్ వెనక కాలి దగ్గర నిలబడండి. పిక్కలో రెండో ఎముక అక్కడ పైనుంచి చీలమండ దాకా నిండుగా ఉంటుంది.